నడకకు ఇంటిపేరు ఇచ్చిన ఐరీన్

పెళ్లిచూపులకొచ్చిన పెద్దవాళ్లు అమ్మాయిని నాలుగడుగులు నడవమనడం మనం చూడనిదేం కాదు. రోజూ వీధి చివర కొట్టుదాకా చకచకా వెళ్లొచ్చే పిల్లకే, పదిమంది చూస్తున్నారనేసరికి కాళ్లు తడబడతాయి. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచదు. తనకు నడక వచ్చునా అన్న అనుమానం కూడా వస్తుంది!

టాంగో, రుంబా లాంటి లాటిన్ నాట్యాలు నేర్పే చోట కూడా మొదట పెట్టే పరీక్ష ఇదేనట. గిరగిరా తిరగడాలు, వయ్యారంగా వెనక్కి వాలడాలు తర్వాత సంగతి. ముందు నడిచి చూపించాలి. ఈ నడకనే ఒక నాట్యంగా చేసి, దానికి తమ ఇంటిపేరు పెట్టుకున్న దంపతులున్నారు. వెర్నన్ కాసిల్, ఐరీన్ కాసిల్. వాళ్లలో ఐరీన్ కథ ఇది.

1893లో న్యూయార్క్ పక్కనున్న న్యూ రోషెల్‌లో ఓ డాక్టరుగారింట పుట్టింది ఐరీన్ ఫుట్. చిన్నప్పట్నుంచీ నాటకాల పిచ్చి. 1910లో ఆ ఊరి పడవల క్లబ్బులో ఆమెకు వెర్నన్ పరిచయమయ్యాడు. ఇంగ్లండు నుంచి వచ్చినవాడు, గెడకర్రలా పొడుగ్గా సన్నగా ఉండేవాడు. చదివింది ఇంజనీరింగు, చేసేది రంగస్థలం మీద హాస్యపాత్రలు. అలాంటివాడికి పిల్లనివ్వడానికి ఏ తండ్రి మాత్రం ఎగిరి గంతేస్తాడు? అయినా 1911లో పెళ్లయింది.

ఆ ఏడే ఓ ప్రదర్శన కోసం ఇద్దరూ పారిస్ వెళ్లారు. ఆ ప్రదర్శన కాస్తా బోర్లాపడింది. చేతిలో డబ్బు నిండుకుంది. ఊరు కాని ఊళ్లో, కొత్త కాపురంలో ఎంత బెంగపడి ఉంటారో! అప్పుడే కఫే ద పారిస్ అనే పెద్ద హోటల్లో నాట్యం చేసే అవకాశం దొరికింది. అమెరికాలో అప్పుడప్పుడే రేగుతున్న రాగ్‌టైమ్ చిందులు వాళ్లు చేసి చూపిస్తే, పారిస్ ధనవంతులు ముచ్చటపడిపోయారు. 1912లో న్యూయార్క్ తిరిగొచ్చేసరికి ఆ జంట పేరు మోగిపోతోంది.

ఆ రోజుల్లో అమెరికాలో టర్కీ ట్రాట్, గ్రిజ్లీ బేర్ అంటూ జంతువుల పేర్లతో కొత్త చిందులొచ్చాయి. కుర్రకారుకి అవంటే పిచ్చి, పెద్దలకి మంట. చర్చిల్లో వాటి మీద ఉపన్యాసాలు, కొన్ని ఊళ్లలో నిషేధాలు కూడానూ. మన దగ్గర సినిమా డాన్సుల మీద పేపర్లలో ఉత్తరాలొచ్చేవి చూడండి, అచ్చం అదే గోల. ఎలిజబెత్ మార్బరీ అనే గడుసు మహిళ వాళ్ల వ్యవహారాలు చేతిలోకి తీసుకుని, 1913 డిసెంబరులో న్యూయార్క్‌లో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ ఎదురుగా కాసిల్ హౌస్ అనే నాట్యపాఠశాల తెరిపించింది. పరువుగల ఇళ్ల ఆడవాళ్లు పట్టపగలు వచ్చి నాట్యం నేర్చుకునే చోటు అది.

అక్కడ నేర్పినవాటిలో బాగా పేరొచ్చింది కాసిల్ వాక్. చూడ్డానికి అందులో ఏమీ లేదు. తాళంలో ఒక్కో దెబ్బకి ఒక్కో అడుగు, అంతే. కానీ మిగతా నాట్యాల్లో దెబ్బ పడగానే ఒళ్లు కిందికి దిగితే, ఇందులో మునివేళ్ల మీద పైకి లేవాలి. మోకాళ్లు కాస్త బిగబట్టి, గాలికి తేలిపోతున్నట్టు గదంతా చుట్టిరావాలి. ఆ తర్వాత గుండ్రంగా తిరుగుతూ, ఆ చుట్టును చిన్నది చేసుకుంటూ పోవాలి. మగవాడు ముందుకు నడుస్తుంటే, ఆడది వెనక్కి నడవాలి!

నన్నాపింది ఈ వెనక్కి నడవడమే. మీరోసారి హాల్లో కుర్చీలు జరిపి ప్రయత్నించండి. తెలియకుండానే నడుము వంగిపోతుంది, మెడ వెనక్కి తిరుగుతుంది, పిరుదులు ముందే వెళ్లిపోతాయి. అలా కాకుండా ఒళ్లు ముందుకాలి మీదే నిలబెట్టి, వెనక కాలిని తుంటి దగ్గర్నుంచి చాచి, ముందు వేళ్లు ఆనించి, బరువు పూర్తిగా మారుతుంటే మడమ మెల్లగా దించాలి. ఇప్పటి లాటిన్ నాట్యగురువులూ చెప్పేది ఇదే. రుంబాలో ముందుకు నడిచేటప్పుడు కూడా పాదం నేలను విడవకుండా జారుతూ రావాలి. మునిపాదం నేలను నొక్కాక మడమ దిగుతుంది, మోకాలు నిటారవుతుంది, ఒంటి బరువంతా ఆ కాలి మీదికొస్తుంది. నడుము ఊగేది అప్పుడే. ఊపాలని ఊపితే అది రుంబా కాదు, కాలు సరిగ్గా వేస్తే నడుము దానంతటదే కదులుతుంది.

సరే, అలా వెనక్కి నడవాలంటే కాలికి చోటుండొద్దూ? ఆ కాలపు గౌనులు అడుగున ముడి బిగించినట్టు ఇరుకు. లోపల ఊపిరాడనివ్వని కార్సెట్టు. సంకెళ్లేసుకున్నట్టు చిన్నచిన్న అడుగులు తప్ప వేయలేరు. ఐరీన్ ముందు దీని సంగతి చూసింది. పల్చటి బట్టతో, కుచ్చిళ్లతో వదులుగా జారే గౌనులు తొడిగింది. కరుకైన కార్సెట్టు పక్కన పెట్టింది. 1914లో ఆ దంపతులు వేసిన మోడరన్ డాన్సింగ్ పుస్తకంలో వన్ స్టెప్, టాంగో, బ్రెజిల్ నుంచి వచ్చిన మషీషలతో పాటు, ఆడవాళ్లు నాట్యానికి ఏం కట్టుకోవాలో చెప్పే అధ్యాయం కూడా ఉంది. చీర కుచ్చిళ్లు ఎంత ఎత్తున దోపితే బస్సెక్కగలమో తెలిసిన మనకు ఆ అధ్యాయం విలువ తెలుస్తుంది.

ఆ ఏడే ఆమెకు అపెండిసైటిస్ ఆపరేషనయింది. ఆస్పత్రిలో పొడుగు జుట్టు ఎవరు దువ్వుతారని ముందే కత్తిరించేసుకుంది. తర్వాత ఆ పొట్టి జుట్టు మీద నుదుటి చుట్టూ ముత్యాలపట్టీ కట్టుకుని బయటికొస్తే, దేశమంతా ఆడపిల్లలు కత్తెరలు పట్టుకున్నారు. అందం కోసమో, తిరుగుబాటు కోసమో కాదు, చిక్కు తీసుకోలేక చేసిన పని! మా ఇళ్లలో బాలింతరాలి జడ గురించి జరిగే రాద్ధాంతం గుర్తొచ్చింది నాకు.

అయితే ఒక మాట చెప్పకపోతే అన్యాయం. భుజాలు కుదపొద్దు, నడుము ఊపొద్దు, గెంతొద్దు, జారుతున్నట్టు నడవాలి అని ఆ దంపతులు నియమాలు పెట్టారు. పెద్దింటివాళ్లు మెచ్చింది అందుకే. కానీ ఆ చిందుల అసలు ప్రాణం నల్లజాతివారిదీ, లాటిన్ అమెరికా బీదపేటలదీ. వడగట్టి ఇస్తేగానీ అది మర్యాద కాలేకపోయింది. ఆ నడుము ఊపు దశాబ్దాల తర్వాత రుంబాతో తిరిగొచ్చింది. 1947లో క్యూబా వెళ్లి అక్కడి పద్ధతి చూసొచ్చిన మోసియే పియర్, డోరిస్ లావెల్ దాన్ని ఇంగ్లండులో పాఠంగా కుదిర్చారు. కాసిల్ దంపతులు చేసిన మంచిపని కూడా ఉంది. వాళ్లకు వాద్యబృందాన్ని నడిపింది జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతజ్ఞుడు. తెల్లవాళ్ల వేదికల మీద అలాంటి బృందం కనబడడమే అరుదైన 1914లో, ఆయన వాద్యకారులను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు.

ఆ ఏడాది చివర ఇర్వింగ్ బెర్లిన్ సంగీతం కట్టిన వాచ్ యువర్ స్టెప్ నాటకంలో ఇద్దరూ ఆడారు. అప్పటికే ఐరోపాలో యుద్ధం మొదలైంది. వెర్నన్ మనసు నాట్యం మీద నిలవలేదు. 1916లో బ్రిటిష్ వాయుదళంలో చేరాడు. ఫ్రాన్సు మీద విమానం నడిపి పతకం అందుకున్నాడు. తర్వాత కొత్త కుర్రాళ్లకు విమానం నేర్పే పని మీద కెనడాకీ, అక్కణ్నుంచి టెక్సాస్‌కీ వచ్చాడు. ప్రమాదమైతే ముందు పోయేది ముందు సీట్లోవాడే. ఆ సీటు తనే తీసుకునేవాడు. 1918 ఫిబ్రవరి 15న ఎదురొచ్చిన మరో విమానాన్ని తప్పించబోయి నేలకూలాడు. వెనక కూర్చున్న కుర్రాడు బతికాడు. ఐరీన్‌కి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మరుసటేడు భర్త గురించి పుస్తకం రాసింది. అదే ఏడు జేమ్స్ రీస్ యూరప్‌ని కూడా పోగొట్టుకుంది. ఆయన్ని తన బృందంలోని డ్రమ్ముల వాద్యగాడే పొడిచేశాడు.

తర్వాత మరో మూడుసార్లు పెళ్లాడింది. ఇద్దరు పిల్లలు కలిగారు. సినిమాల్లో వేసింది, వేరే జోడీతో కొన్నాళ్లు నాట్యం కూడా చేసింది గానీ, ఆ పాత మెరుపు మళ్లీ రాలేదు. ఆమె మనసు మూగజీవాల మీదికి మళ్లింది. 1928లో ఇల్లినాయ్‌లోని డీర్‌ఫీల్డ్‌లో వీధికుక్కల కోసం ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్ అనే ఆశ్రయం పెట్టింది.

1939లో వాళ్ల కథను సినిమా తీశారు. ఫ్రెడ్ ఆస్టైర్ వెర్నన్‌గా, జింజర్ రోజర్స్ ఐరీన్‌గా వేశారు. సలహాదారుగా వెళ్లిన ఐరీన్, జుట్టు దగ్గరా దుస్తుల దగ్గరా అడుగడుగునా పేచీ పెట్టింది. తమతో పారిస్ దాకా వచ్చి కష్టకాలంలో కనిపెట్టుకునున్న పనివాడు వాల్టర్ నల్లజాతివాడు. సినిమాలో ఆ పాత్రను తెల్లవాడికిచ్చారు. అది ఆమెకు అసలు మింగుడుపడలేదు. చెప్పి చూసినా వినలేదు.

1969 జనవరిలో, డెబ్బయ్యైదేళ్ల వయసులో, ఆర్కాన్సాలో కన్నుమూసింది. న్యూయార్క్‌లోని ఉడ్‌లాన్ శ్మశానవాటికలో వెర్నన్ పక్కనే ఆమెను ఖననం చేశారు. ఆ సమాధి మీద సాలీ జేమ్స్ ఫార్నమ్ చెక్కిన శిల్పం ఉంది. ఆట ముగించి, అలసి, తలవంచుకుని కూలబడిన నర్తకి ఆమె. ఆ శిల్పం పేరుకు తెలుగులో దినాంతం అని అర్థం.