ఇంటి కుండ, సర్కారు దుకాణం: వెరియర్ ఎల్విన్ ఇప్పపూల వాదం

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): బిలాస్‌పూర్ జంక్షన్ నుంచి కట్నీ వైపు బయలుదేరిన రైలు కొంత దూరం మైదానంలో సాగి, ఆపై మైకల్ కొండల్లోకి ఎక్కుతుంది. పేండ్రా రోడ్డు స్టేషను చేరేలోగా దారికి ఇరువైపులా సాల వృక్షాల నడుమ ఇప్పచెట్లు దర్శనమిస్తాయి. ఈ కొండల ఆవలి గ్రామాల్లో గోండులు, బైగాల మధ్య సుమారు రెండు దశాబ్దాలు జీవించి, వారి పాటలను, పురాణాలను, ఆచారాలను గ్రంథస్థం చేసిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్. ఆదివాసీ కళ, ప్రేమ, వివాహ వ్యవస్థలపై ఆయన రచనలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఇప్పసారా విషయంలో ఆయన సాగించిన వాదం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

అడవిలో రాలిన పువ్వును ఏరుకొని, ఇంటి కుండలో సారా కాచుకునే హక్కు ఎవరిది? ఏరిన కుటుంబానిదా, పన్ను వసూలు చేసే ప్రభుత్వానిదా, మద్యం మాన్పించాలనుకునే సంస్కర్తదా? ఎల్విన్ జీవితమంతా వెంటాడిన ప్రశ్నల్లో ఇది ఒకటి. ఆయన కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటినా ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు.

మతబోధకుడి ప్రస్థానం

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కు బిషప్. ఎల్విన్‌కు ఏడేళ్లు నిండేసరికే తండ్రి మరణించగా, తల్లి దైవభక్తి ప్రధానంగా పిల్లలను పెంచారు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో ఆయన ఆంగ్ల సాహిత్యంలోను, వేదాంతశాస్త్రంలోను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. చర్చిలో ఉన్నత పదవులు అందుకునే అవకాశం ఉన్నా, 1927లో క్రైస్తవ సేవా సంఘం సభ్యుడిగా పుణె చేరుకున్నారు.

మరుసటి ఏడాది సబర్మతి ఆశ్రమంలో గాంధీజీని కలిశాక ఆయన దారి మళ్లింది. ఖద్దరు ధరించి, శాసనోల్లంఘన ఉద్యమాన్ని బాహాటంగా సమర్థించారు. దీంతో అటు చర్చి పెద్దలకు, ఇటు బ్రిటిష్ ప్రభుత్వానికి కంటగింపయ్యారు. గోండుల మధ్య పని చేయాలన్న సూచన ఆయనకు జమ్నాలాల్ బజాజ్, వల్లభ్‌భాయి పటేల్ వంటి జాతీయ నాయకుల నుంచే వచ్చింది. 1932 జనవరిలో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి నాటి మధ్యపరగణాలలోని మండ్లా జిల్లా కరంజియా గ్రామంలో స్థిరపడ్డారు. ఆ ఏడాది ఇంగ్లండు వెళ్లినపుడు, రాజకీయాల్లో పాల్గొననని హామీ ఇస్తే తప్ప భారతదేశానికి తిరిగి వచ్చేందుకు ప్రభుత్వం అనుమతించలేదు. 1935లో ఆయన చర్చితో సంబంధం తెంచుకున్నారు.

కరంజియాలో మొదట వెలసినది గాంధేయ ఆశ్రమం. పాఠశాల, వైద్యశాల, కుష్ఠురోగుల నివాసం అక్కడ నడిచాయి. ఆదివాసులను సంస్కరించేందుకు వచ్చిన ఎల్విన్, వారి జీవనంలో సంస్కరించవలసిన వాటి కంటే కాపాడవలసినవే ఎక్కువని క్రమంగా గ్రహించారు. ఆ మార్పును స్పష్టంగా చూపే అంశాల్లో ఇప్పసారా ఒకటి.

పువ్వు నుంచి సారా దాకా

హిందీలో మహువాగా పిలిచే ఇప్పచెట్టుకు ఆదివాసీ ఇంట ఉన్న స్థానం మరే చెట్టుకూ లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు రాలుతాయి. మహిళలు, పిల్లలు బుట్టలతో వెళ్లి వాటిని ఏరుకొస్తారు. పూలు కనపడేందుకు చెట్టు కింది ఎండుటాకులను ముందే తగలబెట్టి నేలను శుభ్రం చేస్తారు. ఎండబెట్టిన పువ్వు ఏడాది పొడవునా నిలువ ఉంటుంది. గింజల కరవు వచ్చినపుడు అదే ఆహారం. కాయల పలుకుల నుంచి నూనె తీస్తారు.

సారా కాచే పద్ధతి చూడడానికి సులువు, చేయడానికి నైపుణ్యం కావాలి. ఎండుపూలను నీటిలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తారు. ఆ పులుపును కుండలో పోసి పొయ్యి మీద కాస్తారు. పైనున్న పాత్రలో చన్నీళ్లు మారుస్తూ ఆవిరిని చల్లబరుస్తారు. చుక్కచుక్కగా దిగేదే ఇప్పసారా. పువ్వు ఎంత ఎండింది, నీరు ఎక్కడిది, మంట ఎంత, కాచే చేయి ఎవరిది అన్నవాటిని బట్టి ఏ కుండకు ఆ రుచి.

ఈ తేడాకు ధనిక ప్రపంచంలో నేడు పెద్ద విలువ ఉంది. అమెరికాలో కనీసం 51 శాతం మొక్కజొన్న కలిసిన ధాన్యంతో బోర్బన్ విస్కీ కాచి, లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలువ చేస్తారు. సాధారణంగా అనేక పీపాల సరకును కలిపి, రుచి ఒకేలా ఉండేటట్లు సీసాల్లో నింపుతారు. 1984లో కెంటకీ రాష్ట్రంలో బ్లాంటన్స్ పేరిట ఒక్కో పీపాను విడివిడిగా నింపి అమ్మడం మొదలైంది. ఆ తరువాత పీపా సంఖ్య, నింపిన తేదీ చూసి సీసాలను సేకరించే అభిరుచిపరులు పెరిగారు. ఏ రెండు పీపాలూ ఒకేలా ఉండకపోవడమే అక్కడ విలువకు మూలం. ఏ రెండు కుండలూ ఒకేలా ఉండని మైకల్ కొండల్లో మాత్రం ఆ కుండే నేరానికి సాక్ష్యమైంది.

చట్టం చేతికి చిక్కిన కుండ

బ్రిటిష్ పాలనలో మద్యం ప్రభుత్వ ఖజానాకు ముఖ్యమైన ఆదాయ వనరు. అనుమతి లేని బట్టీలను నిషేధించి, అమ్మే హక్కును దుకాణదారులకు వేలం వేయడం ఆబ్కారీ విధానంగా స్థిరపడింది. బొంబాయి ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వు నిలువపైనే ఆంక్షలు విధిస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది. ఫలితంగా, తన పెరటి చెట్టు పువ్వుతో పండుగకు సారా కాచుకున్న వ్యక్తి నేరస్థుడయ్యాడు. చట్టానికి లోబడాలంటే అదే పువ్వుతో కాచిన సారాను దుకాణంలో డబ్బిచ్చి కొనాలి. డబ్బు లేనివాడు అప్పు చేయాలి. అప్పు తీరనపుడు భూమి చేజారుతుంది.

ఈ క్రమాన్ని ఎల్విన్ విడిగా చూడలేదు. 1939లో వెలువడిన బైగా తెగ గ్రంథంలో పోడు సేద్యంపై అటవీశాఖ ఆంక్షలను వివరించారు. భూమాత రొమ్మును నాగలితో చీల్చరాదన్నది బైగాల విశ్వాసం. పోడు కోల్పోవడమంటే వారికి పంటతోపాటు ధర్మాన్నీ కోల్పోవడమే. 1941లో ప్రచురించిన చిన్న పుస్తకంలో ఆదివాసులు ఆత్మస్థైర్యం కోల్పోవడానికి కారణాలను ఆయన వరుసగా చర్చించారు. భూమి, అడవి, వేట చేజారడంతో పాటు ఇంటి సారాపై నిషేధాన్ని కూడా ఆ వరుసలో చేర్చారు.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఈ మార్పు వేగానికి రైలు కూడా ఒక కారణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొద్ది సంవత్సరాల్లోనే బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్‌ను అసన్‌సోల్‌తో కలిపింది. రైల్వే కొలువుల కోసం వచ్చి ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలు అనేకం. రైలు వారికి జీవనోపాధి అయింది. కొండల్లో ఇనుము కరిగించే అగరియాలకు మాత్రం పోటీ తెచ్చింది. కర్మాగారాల చౌక ఇనుము సంతలకు చేరడం, కొలిమిపై పన్ను, బొగ్గుపై అటవీ ఆంక్షలు కలిసి వారి వృత్తిని ఎలా కుంగదీశాయో ఎల్విన్ 1942లో ప్రచురించిన అగరియా గ్రంథంలో చూపారు. మండ్లాతో పాటు బిలాస్‌పూర్ ప్రాంతపు అగరియాలు కూడా ఆ అధ్యయనంలో ఉన్నారు. అగరియా కొలిమికి, బైగా సారాకుండకు ఎదురైన గతి ఒక్కటే. ఇంట్లో తయారైన వస్తువు బజారులో కొనవలసిన వస్తువైంది.

సేకరించిన కథలు

ఎల్విన్ సేకరించింది సీసాలు కాదు, కథలు. 1944లో మహాకోసల జానపద కథలు, 1946లో ఛత్తీస్‌గఢ్ జానపద గీతాలు, 1949లో మధ్య భారత పురాణగాథలు సంపుటాలుగా వెలువడ్డాయి. హివాలేతో కలిసి మైకల్ కొండల పాటలను కూడా ప్రచురించారు. సృష్టి, నిప్పు, ఇనుము, వ్యాధులతో పాటు సారా పుట్టుక కూడా ఆ గాథల్లో ఒక అంశం.

ఈ కొండల్లో ప్రచారంలో ఉన్న ఒక కథ ప్రకారం, ఇప్పచెట్టు తొర్రలో వాననీరు నిలిచి, అందులో పూలు రాలి పులిశాయి. ఆ నీరు తాగిన పక్షులు తలలూపుతూ కూర్చోవడం చూసి సారా సంగతి లోకానికి తెలిసింది. తాగినవాడు మొదట చిలుకలా పలుకుతాడని, తరువాత పులిలా గర్జిస్తాడని, చివరకు పందిలా బురదలో పొర్లుతాడని మరో కథ. సారాను దేవతలకు అర్పించే సమాజమే దాని కీడునూ ఎరిగి ఉందనడానికి ఇదే తార్కాణం. పుట్టుక, పెళ్లి, చావు, పంచాయతీ రాజీ, పితృదేవతల ఆరాధన, ఏదీ సారా ధార లేకుండా పూర్తి కాదు. దానిని తొలగిస్తే ఆ క్రతువులన్నీ కుంటుపడతాయన్నది ఎల్విన్ అభిప్రాయం.

గాంధీ మార్గంతో వేరు

గాంధేయ కార్యక్రమంలో మద్యనిషేధం మూలస్తంభాల్లో ఒకటి. 1937లో రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు ఏర్పడగానే మద్రాసు ప్రభుత్వం సేలంలో మద్యనిషేధం ప్రారంభించి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. మధ్యపరగణాల ప్రభుత్వం కూడా కొన్ని ప్రాంతాల్లో దానిని అమలు చేసింది. గాంధీజీపై వ్యక్తిగత భక్తిని వదులుకోకుండానే, నూలు వడకడం, మద్యనిషేధం వంటి కార్యక్రమాలను ఆదివాసులకు వర్తింపజేయడాన్ని ఎల్విన్ వ్యతిరేకించారు. పత్తి పండని కొండల్లో రాట్నం, పూలు రాలే అడవిలో నిషేధం ఆయనకు సమంజసంగా తోచలేదు.

విమర్శలూ తీవ్రంగానే వచ్చాయి. ఆదివాసులను జంతుప్రదర్శనశాలలో ఉంచాలని చూస్తున్నారని కొందరు ఆరోపించారు. బైగాలకు ప్రత్యేక రక్షిత ప్రాంతం కావాలని ఆయన చేసిన ప్రతిపాదన ఇందుకు ఊతమిచ్చింది. ఠక్కర్ బాపా వంటి సేవకులు, సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆయన వైఖరిని ఖండించారు. వ్యక్తిగత జీవితమూ ప్రశ్నలకు అతీతం కాదు. 1940లో ఒక రాజ్ గోండు యువతిని వివాహమాడగా 1949లో ఆ బంధం తెగిపోయింది. తెగ జీవితాన్ని అంతగా ప్రేమించిన వ్యక్తి, ఆ తెగ ఆడపడుచు పట్ల న్యాయంగా వ్యవహరించలేదన్న విమర్శ నేటికీ ఉంది.

అదే కాలంలో నిజాం రాజ్యంలో ఎల్విన్ మిత్రుడు హైమన్‌డార్ఫ్ చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాదు రాజ్ గోండుల మధ్య పరిశోధన సాగించారు. 1940లో కొమరం భీం బలిదానం తరువాత అక్కడి గోండుల భూమి సమస్యపై ప్రభుత్వం దృష్టి సారించక తప్పలేదు. మైకల్ కొండల్లో ఎల్విన్ గమనించిన అటవీ ఆంక్షలు, వడ్డీ వ్యాపారులు, ఇప్పపూల జీవనం ఆదిలాబాదుకూ కొత్త కావు.

ఎల్విన్ 1954లో భారత పౌరసత్వం స్వీకరించారు. అదే ఏడాది నేటి అరుణాచల్ ప్రదేశ్‌గా మారిన ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితులై షిల్లాంగ్ చేరారు. 1961లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1964 ఫిబ్రవరి 22న దిల్లీలో గుండెపోటుతో మరణించారు. మరణానంతరం వెలువడిన ఆత్మకథకు 1965లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

మిగిలిన ప్రశ్న

ఆయన వాదంలోని సారం తరువాతి కాలంలో ప్రభుత్వ విధానాల్లోనూ కనిపించింది. 1970ల మధ్యలో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల్లో మద్యం వ్యాపారాన్ని నిలిపివేసి, సంప్రదాయ అవసరాలకు ఇంట్లో తయారీని అనుమతించాలని రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, స్థానిక పంచాయతీకి కట్టబెట్టింది. ఇటీవల మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయంసహాయక బృందాల చేత తయారు చేయిస్తోంది. కరంజియా ఉన్న డిండోరి జిల్లాకూ అందులో చోటు లభించింది.

అయితే ఎల్విన్ వాదాన్ని మద్యానికి సమర్థనగా తీసుకోవడం పొరపాటు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. వారు పోరాడింది వేలంపాటల ద్వారా ఊరూరా వెలసిన దుకాణాలపై, కూలి డబ్బును ఇంటికి చేరనీయని వ్యాపారంపై. ఎల్విన్ కాపాడదలచినది పండుగనాటి ఇంటి కుండను. ఆ కుండను పగలగొట్టి దుకాణాన్ని నిలబెట్టిన విధానమే రెండు చోట్లా నష్టానికి మూలం. కొండల్లో అది ఇంటివారిని నేరస్థులను చేసింది. మైదానంలో ఆ నష్టాన్ని భరించినది మహిళలు.

వారసత్వ మద్యంగా ముద్ర పడిన సీసా ఇప్పుడు నగర విపణికి చేరుతోంది. ఒంటి పీపా విస్కీలాగే దానినీ సేకరించేవారు రేపు రావచ్చు. ఆ సీసా ధరలో తెల్లవారుజామున చెట్టు కింద వంగి పూలు ఏరిన మహిళకు దక్కేదెంత, తన ఇంటి పండుగకు ఆమె కుండ నిర్భయంగా పొయ్యి ఎక్కగలదా అన్నవే, ఎల్విన్ లేవనెత్తిన ప్రశ్నకు నేడు కావలసిన సమాధానాలు.