నాలుగున్నర శతాబ్దాల నడకబాటకు జేజేలు

2028లో హైదరాబాద్‌లోని పురానాపూల్‌ వంతెనకు 450 ఏళ్లు నిండుతాయి. అంతటి పండుగకు ముందుగానే శుభాకాంక్షలు చెప్పడంలో తప్పేమీ లేదు. సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, 22 కమానులు. తీరిగ్గా నడిచినా అయిదు నిమిషాల్లో అవతలి ఒడ్డు వస్తుంది. మహానగరం మొదలైంది ఇంత చిన్న బాట మీదుగానే!

1578లో దీన్ని కట్టించినవాడు ఇబ్రహీం కులీ కుతుబ్‌ షా. మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్న ప్రభువు, అద్దంకి గంగాధర కవి నుంచి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్న రసికుడు ఆయనే. ఎక్కడైనా ఊరు పెరిగాక వంతెన వస్తుంది. ఇక్కడ వంతెన ముందు, ఊరు వెనక. ఆయన కొడుకు మహమ్మద్‌ కులీ హైదరాబాద్‌కు పునాది వేసింది 1591లో. అంటే చార్మినార్‌ పుట్టేనాటికే మూసీ నది మీద ఈ రాతిబాటకు పదమూడేళ్లు.

ఈ వంతెనకు ప్రేమకథ కూడా తోడుంది. ప్రియురాలు భాగమతి కోసం రాకుమారుడు మహమ్మద్‌ కులీ పొంగే మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడనీ చెబుతారు. వంతెన కట్టిన ఏడాదికి రాకుమారుడు పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు. లెక్క కుదరకపోయినా కథను వదులుకోవడానికి ఊరు ఒప్పుకోదు. కార్వాన్‌ వైపు నుంచి వచ్చిన బిడారులకూ, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు మోసిన ఎడ్లకూ మాత్రం ఈ వంతెన నిత్యావసరమే.

పదిహేడో శతాబ్దంలో ఇటుగా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, అందంలో ఇది పారిస్‌లోని పోన్‌నెఫ్‌కు పెద్దగా తీసిపోదని మెచ్చుకున్నాడు. సెన్‌ నది మీది ఆ వంతెనకు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే. దాని పని 1607 దాకా సాగింది.

మూసీ ఎన్నోసార్లు పరీక్ష పెట్టింది. 1820 వరదలో దెబ్బతింటే మరుసటి ఏడు నిజాం సికందర్‌ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబర్‌ 28న నగరాన్ని ముంచెత్తిన వరదలో అఫ్జల్‌ వంతెన కొట్టుకుపోయింది. పురానాపూల్‌ గాయపడింది, మరమ్మతు చేయించుకుంది, మళ్లీ జనాన్ని మోసింది.

ఇప్పుడు బస్సులూ లారీలూ పక్కనున్న కొత్త వంతెన మీద పోతున్నాయి. పాత వంతెన మీద కూరగాయల అంగడి. టమాటా రాశులు, కొత్తిమీర కట్టలు, తోపుడు బండ్లు, బేరాలు, వాటి మధ్య సందు చేసుకుని సాగే నడక. కొందరికి ఇది దిగజారడంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే దీని అసలు గౌరవం. కాలినడక కోసం, ఎడ్లబండి వేగం కోసం కట్టిన బాట మోటార్ల కాలాన్ని దాటి మళ్లీ పాదాల దగ్గరికే చేరింది. ఔటర్‌ రింగురోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్‌ బాటను 2023 అక్టోబర్‌ 1న ప్రారంభించినప్పుడు నగరం గర్వపడింది. పడాల్సిందే. అయితే మోటారు లేనివాళ్లకూ ఓ దారి కావాలన్న ఆలోచనకు పాతబస్తీలో ఎప్పుడో పెద్దదిక్కు ఉంది.

పెద్దలకు ఉత్త చేతులతో నమస్కారం పెట్టకూడదు. కమానుల సందుల్లో వేళ్లూనిన మొక్కలను జాగ్రత్తగా తీయించాలి. చెత్త ఏ రోజుది ఆ రోజు ఎత్తాలి. కూరలమ్మేవాళ్లను వెళ్లగొట్టకుండా వాళ్లకు ఓ వరుస, నడిచేవాళ్లకు ఓ వరుస, చేత్తో నడిపించుకుపోయే సైకిల్‌కు కాస్త చోటు గీసివ్వాలి. కింద మూసీలో మురుగు బదులు నీళ్లు పారాలి. ఈ కానుకలన్నీ 2028 నాటికి సిద్ధం చేయగలిగితే సన్మానం చేశామని మనం ధైర్యంగా చెప్పుకోవచ్చు.

పురానాపూల్‌కు 450వ పుట్టినరోజు శుభాకాంక్షలు! దాన్ని రోజూ తొక్కుతూ, దాని మీదే బతుకు దిద్దుకుంటున్న పాతబస్తీ జనానికీ అభినందనలు. వాళ్ల రాకపోకలే దానికి ఆయుష్షు.