మన మాటలకు అర్థం రాసిన బ్రౌన్ దొర

పొట్ట చేతపట్టుకొని వచ్చాడంటే బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చాడని మనకు చిన్నప్పటి నుంచే తెలుసు. మన హాస్టల్లో చదువుకొని, ఇప్పుడు కృష్ణానగర్‌లో గది తీసుకొని పీజీ చదువుతున్న మేము రోజూ చూసేది అలాంటివారినే. సినిమా వేషాల కోసం వచ్చినవారు, అమీర్‌పేట కోచింగులకు వచ్చినవారు, అందరిదీ అదే కథ. కానీ తెలుగు రాని మనిషి ఆ మాటను విడదీసి చూస్తే పొట్ట, చెయ్యి తప్ప ఏమీ దొరకవు. ఆ కష్టం తాను పడి, మన పలుకుబడులకు అర్థాలు రాసిపెట్టిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లింది. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడపలో కొలువు. కచేరీకి వచ్చే రైతు ఏమంటున్నాడో అధికారికి తెలియకపోతే ఆ రైతుకు న్యాయం ఎక్కడిది?

జనం నోళ్లలో ఉన్న వేమన పద్యాలను సేకరించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మొదలైన పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలను బాగు చేయించారు. కడపలో, మచిలీపట్నంలో ఉచిత పాఠశాలలు నడిపారు. జీతం చాలక అప్పులపాలయ్యారు. అయినా పని ఆపలేదు.

1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. కావ్యాల్లోని మాటలతోపాటు వాడుక మాటలకూ అందులో చోటు దొరికింది. చెయ్యి చేసుకోవడమంటే కొట్టడం. నీళ్లు నమలడమంటే జవాబు చెప్పలేక తడబడటం. ఇలాంటివి పదాలు కలుపుకుంటే తెలిసేవి కావు, వాడుక తెలియాలి. అందుకే ఆయన మాట పక్కన ప్రయోగాలు కూడా చూపారు. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారశీ, ఇంగ్లీషు మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు తెచ్చారు.

1855లో ఇంగ్లండు వెళ్లిపోయినా తెలుగును వదల్లేదు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. నగరానికి వచ్చిన కొత్తలో ఒక కోచింగ్ సెంటర్లో మా మాట విని నవ్వారు. ఆ రోజు నుంచి మా అమ్మ మాటలు నోట రాకుండా చూసుకున్నాం. బ్రౌన్ జీవితం చదివాక సిగ్గుపడ్డాం. సముద్రాలు దాటి వచ్చినవాడు అప్పు చేసి ఏరుకున్న మాటలను మేము ఊరికే పారేసుకుంటున్నాం!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వాతాతలు వాడే పది మాటలు నోటుబుక్కులో రాసుకు రండి. ఏ సందర్భంలో అంటారో కూడా రాయండి. బ్రౌన్‌కు మనం చేయగల నివాళి అదే.