మనసు నాడి పట్టిన హకీం ఇబ్నె సీనా

కొండపల్లి షాబుఖారీ దర్గాకు వెళ్లివచ్చే మన కుటుంబాలకు బుఖారా పేరు కొత్త కాదు. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని ఆ నగరానికి దగ్గర్లో, అఫ్షనా అనే పల్లెలో, క్రీ.శ. 980లో ఇబ్నె సీనా జన్మించారు. పదేళ్లకే దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. ఇరవై ఏళ్లయినా నిండకముందే బుఖారా ప్రభువు నూహ్ బిన్ మన్సూర్‌కు చికిత్స చేసి, రాజ గ్రంథాలయంలో చదువుకునే అనుమతి పొందారు.

తర్వాతి జీవితం ఒడుదుడుకులమయం. ఊరూరా తిరిగారు, హమదాన్‌లో మంత్రి అయ్యారు, నాలుగు నెలలు కోటలో ఖైదు అనుభవించారు. అయినా కలం వదలలేదు. అయిదు భాగాల 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' పూర్తిచేశారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లిన ఈ గ్రంథాన్ని ఐరోపా వైద్య విద్యార్థులు 17వ శతాబ్దం దాకా చదివారు.

శరీరంతోపాటు మనసునూ పరీక్షించడం ఆయన వైద్యంలోని విశేషం. తీవ్రమైన దిగులు జిన్నుల వల్ల వస్తుందని ఆ రోజుల్లోనూ కొందరు అనేవారు. ఆయన ఆ వాదంలోకి దిగలేదు. కారణం ఏదైనా దేహంలో మార్పు వస్తుంది కనుక, వైద్యుడు ఆ మార్పుకు చికిత్స చేయాలన్నారు. ప్రేమను దాచుకుని చిక్కిపోతున్న రోగి మణికట్టు పట్టుకుని పేర్లు, వీధులు, వృత్తులు ఒక్కొక్కటిగా చెబుతూ పోవాలని, నాడి ఎక్కడ తడబడితే అక్కడ రహస్యం దొరుకుతుందని రాశారు. మరో మార్గం లేకపోతే ధర్మబద్ధంగా ఆ ఇద్దరినీ కలపడమే మందు అన్నారు.

ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. తాను ఆవునని, తనను కోసేయమని మొండికేసి, ఒక రాకుమారుడు తిండి మానేశాడట. ఇబ్నె సీనా కత్తి పట్టుకుని కసాయిలా వచ్చి, పక్కటెముకలు తడిమి, బాగా బక్కచిక్కింది, మేపి బలిసాక కోద్దామన్నారట. రాకుమారుడు తినసాగాడు. తిండిలో కలిపిన మందుతో కోలుకున్నాడు. దీన్ని 12వ శతాబ్దపు పారశీక రచయిత నిజామీ అరూజీ గ్రంథస్థం చేశాడు.

పసిపిల్లల సంగతి ఆయన మరింత శ్రద్ధగా రాశారు. తీవ్రమైన కోపం, భయం, దుఃఖం, నిద్రలేమి బిడ్డ దరికి రాకుండా చూడాలన్నారు. బిడ్డ ఏం కోరుతున్నాడో, దేనికి జంకుతున్నాడో కనిపెట్టి మసలుకోవాలన్నారు. అలా పెరిగితే మంచి నడవడి అలవాటవుతుంది, ఒంటికీ ఆరోగ్యం. నిద్ర లేచాక స్నానం, కాసేపు ఆట, తర్వాతే తిండి. ఆరేళ్లకు ఉస్తాద్ దగ్గర చేర్చాలి గాని, ఒక్కసారిగా పుస్తకానికి కట్టిపడేయరాదు. చేతిలోని కొండపల్లి బొమ్మను లాక్కుని పలక అంటగట్టే పెద్దలు ఆలోచించవలసిన మాట ఇది.

ఇబ్నె సీనా 1037లో కన్నుమూశారు. సమాధి ఇరాన్‌లోని హమదాన్‌లో ఉంది. ఆయన మందుల్లో అనేకం నేడు పాతబడ్డాయి. కాని దిగులుతో కుంగినవారినీ, రాత్రిళ్లు ఉలిక్కిపడే బిడ్డనూ గాలి సోకిందని వదిలేయకూడదు. దువా చేద్దాం, దానితోపాటు వైద్యుడి దగ్గరకూ తీసుకెళదాం. అంతకన్నా ముందు, పక్కన కూర్చుని వారు చెప్పేది విందాం.