యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) భీమవరంలో జన్మించిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుర్తించాడు. అయినా అక్కడ శాశ్వతోద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు.

తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. కాన్సరు కణాలు పెరగడానికీ ఈ ఆమ్లమే కావాలి. దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు ఈ బృందం కృషి ఫలితాలే. సిడ్నీ ఫార్బర్ 1947లో బోస్టన్ నగరంలో ల్యుకేమియా సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. కీర్తి మాత్రం ఎక్కువగా ఫార్బర్‌కే దక్కింది.

ఫోలిక్ ఆమ్లాన్ని కణంలోనికి చేర్చే ఫోలేట్ గ్రాహకం కొన్ని అండాశయ కాన్సరు కణాల ఉపరితలంపై అధికంగా ఉంటుంది. ఆ గ్రాహకాన్ని పట్టుకొని కణంలోనికి మందు చేరవేసే ప్రతిరక్షకానికి 2022లో అమెరికాలో అనుమతి లభించింది.