కెప్టెన్ వెబ్

ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ డోవరు వద్ద సముద్రపు వెడల్పు 33 కిలోమీటర్లే. కాని సుమారు ఆరు గంటలకొకమారు దిశ మార్చుకొను ఆటుపోట్ల ఉరవడి ఈతగానిని తిన్నగా పోనీయదు.

1848లో జన్మించి, సెవర్న్ నదిలో ఈత నేర్చి, ఓడలలో పనిచేసి కెప్టెనైన మాథ్యూ వెబ్, 1875 ఆగస్టు 24న ఒడలికి నూనె పూసికొని డోవరు రేవుగట్టు నుండి ఆ కడలిలోనికి దుమికెను. పండ్రెండు దినముల ముందటి తొలియత్నము గాలివానకు భగ్నమైనది. ఈమారు జెల్లీచేప కుట్టెను. ఫ్రెంచి తీరము కనుచూపుమేరలో నున్నను, ప్రవాహము అతనిని ఐదు గంటలు ఒడ్డు చేరనీయలేదు. అతడు తాళెను, భుజబలముకన్న ఆ ఓర్పే అతనిని గట్టెక్కించినదనవలెను. 21 గంటల 45 నిమిషములకు కలే తీరమున కాలు మోపెను.

కీర్తి వచ్చెను గాని ధనము నిలువలేదు. 1883 జూలై 24న, సొమ్మునకై నయాగరా జలపాతము దిగువనున్న సుడిగుండములకు ఎదురేగెను. ఆటుపోటువలె ఆ నీరు మరలునది కాదు. నాలుగు దినముల పిమ్మట శవము దొరికెను. భార్య, ఇరువురు బిడ్డలు మిగిలిరి.