తెలుగు బాలికల బడికి గుర్తింపు వెతికిన మాడపాటి

ఉన్నత పాఠశాల నడవడానికి నిధులు, భవనం, ఉపాధ్యాయులు ఉంటే చాలునని అనుకుంటాం. చదువు ముగించిన విద్యార్థి పట్టాను ఎవరు గుర్తిస్తారన్న ప్రశ్న చివరికి గాని ఎదురుకాదు. జంషెడ్‌పూర్ సిద్ధగోరా వంటి పరభాషా ప్రాంతాల్లో పిల్లలకు తెలుగు చెప్పించుకునే కుటుంబాలు ఈ చిక్కును సులభంగా ఊహించగలవు. నిజాం కాలపు హైదరాబాదులో మాడపాటి హనుమంతరావుకు ఎదురైన ప్రశ్న అదే.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. హనుమకొండలో చదువుకుని, ఉర్దూ, పారశీక భాషల్లో పాండిత్యం గడించి, హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1921 నవంబరులో నగరంలోని వివేకవర్ధినిలో మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దాని నిర్మాతల్లో మాడపాటి ముఖ్యులు.

1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంగా ఆంధ్ర బాలికోన్నత పాఠశాల వెలసింది. సంస్థానంలో ఖాన్గీ బడి తెరవాలంటే సర్కారు అనుమతి కావాలి. నగర కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ఈ బడికి అండగా నిలిచారు. ఆ రోజుల్లో కొత్వాలు ప్రాపకం చందా పుస్తకం కంటే విలువైన పెట్టుబడి.

అసలు అడ్డంకి పరీక్ష దగ్గర వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాష ఉర్దూ. తెలుగులో చదివిన బాలికలకు అక్కడ గుర్తింపు దొరకలేదు. మాడపాటి దృష్టి పూనా వైపు మళ్లింది. కర్వే 1916లో అక్కడ నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయంలో మాతృభాషలోనే బోధన సాగేది. తెలుగుకు అవమానం జరిగిన సభకు అధ్యక్షత వహించిన ఆ కర్వే సంస్థే తెలుగు బాలికల బడికి అనుబంధం ఇచ్చింది. అయితే ఆ విశ్వవిద్యాలయానికే చట్టబద్ధ హోదా 1951లో గాని రాలేదు. సర్కారు ముద్ర లేని పరీక్షకు ఆడపిల్లలను పంపిన తల్లిదండ్రుల నమ్మకాన్ని కూడా ఆ పాఠశాల వనరుల్లో లెక్కగట్టవలసిందే.

1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులయ్యారు. తరువాతి యువతరం ఆయనను మితవాదిగా విమర్శించింది. ఆ విమర్శ పూర్తిగా నిరాధారమని అనలేం. కాని దర్బారుతో నేరుగా తలపడే నాయకుని బడికి ఆనాడు అనుమతి కాగితం దక్కేదా?

ఆయన 1951లో హైదరాబాద్ మేయరు అయ్యారు. 1955లో పద్మభూషణ్ అందుకున్నారు. 1958 నుంచి శాసన మండలి అధ్యక్షులుగా పనిచేశారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడలోని బాలికల పాఠశాల ఆయన పేరుతోనే కొనసాగుతోంది.